మూడుసార్లు చచ్చిన రాజు

"ఇంకా చావలేదా మీ రాజు?"

ఆదివారం మధ్యాహ్నం భోజనం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ భర్త అడిగే ప్రశ్న ఇది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం అడుగుతున్నాడు. అడిగి, తన జోకుకి తనే కాస్త నవ్వుకుని, టీవీ గదిలోకి వెళ్ళిపోతాడు. ఆమె ఎంగిలి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మిగిలినవి చిన్న గిన్నెల్లోకి సర్ది, బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డని ముందు తడిబట్టతోనూ తర్వాత పొడిబట్టతోనూ తుడుస్తుంది. రెండయ్యేసరికి ఆ బల్ల మీద మరక ఉండకూడదు. రెండింటికి అక్కడ ఒక నది పారాలి.

అదొక కథ ఆట. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. పేకముక్కలుండవు, పందేలుండవు, గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఉండరు. ఒక్కొక్కరూ కథలో ఒక మనిషిని ఎంచుకుని ఆ మనిషి తరఫున మాట్లాడతారు, ఆ మనిషి ఏం చేస్తుందో చెబుతారు. అనుకున్న పని నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఒక్కరు మాత్రం ఎవరినీ ఎంచుకోరు. వాళ్ళు కథ నడుపుతారు. రాజు, రాజుగారి కుక్క, సత్రం యజమాని, గుహలో రాక్షసి, ఆ గుహ మీద కురిసే వాన, అన్నీ వాళ్ళే. ఈ బల్ల దగ్గర ఆ ఒక్కరూ ఆమె. వంతు ప్రకారం ఒక్కొక్కరి వైపూ తిరిగి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడగడం ఆమె పని. ఆరేళ్ళుగా అడుగుతోంది.

ఆడేవాళ్ళు ముగ్గురు. మొదటిది ఆడపడుచు. తపాలా ఆఫీసులో పని, రెండు వీధుల అవతల అద్దెకుంటున్న ఒంటరి మనిషి, ఈ ఆట పిచ్చిని ఇంట్లోకి తెచ్చిందే ఆవిడ. కథలో ఆవిడ ఒక దొంగ, పేరు పిల్లి. రెండోవారు రిటైరైన బస్సు డ్రైవరు. బుర్రమీసాల పెద్దమనిషి, కథలో పన్నెండేళ్ళ మంత్రగత్తె. ఆయన గొంతు సన్నగా చేసి "నాకు భయమేస్తోంది" అన్నాడంటే అవతల వాడెవడో బూడిదైపోతున్నాడని లెక్క. మూడోది పళ్ళ డాక్టరు, ముప్ఫై దాటని అమ్మాయి. వారమంతా జనాల నోళ్ళలోకి ఓపిగ్గా తొంగిచూసి ఆదివారం మాత్రం బండ అనే రాక్షసుడంత యోధుడై, ఎదురొచ్చినదాన్నల్లా గదతో మోదుతుంది. బల్ల దగ్గర ముగ్గురూ ఆమెను కథమ్మా అనే పిలుస్తారు. పెళ్ళైన కొత్తలో ఈ ఇంట్లో వాళ్ళు "ఇదిగో" అని పిలవడం మొదలుపెట్టారు, అదే ఖాయమైపోయింది. అందుకే కథమ్మా అన్న పిలుపు వినబడితే చాలు, ఆమెకు వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది.

ఆ ఆదివారాలు ఉత్తినే రాలేదు. ఆరేళ్ళ కిందట అడిగి, బతిమాలి, మాటిచ్చి తెచ్చుకుంది. "పెళ్ళై పదిహేనేళ్ళైంది, ఇప్పుడు బొమ్మలాటలేమిటమ్మా," అన్నారు అత్తగారు. "వారానికొక్క సెలవు, అదీ ఇంట్లో మనుషులకి దక్కదా?" అన్నాడు భర్త. ఆ సెలవు తనకి కూడా సెలవేనా అని అడగాలనిపించింది కానీ, అడిగితే ఉన్నది కూడా పోతుందని ఊరుకుంది. చివరికి చెల్లెలి ముఖం చూసి మెత్తబడ్డాడు. "సరే, ఒక్క కథ. అది అయ్యేదాకా ఆడుకో. అయ్యాక మానెయ్యాలి. ఇంకోటని మొదలెట్టకూడదు. మాటేనా?" అన్నాడు. "మాటే," అంది. కథంటే సినిమా అంత ఉంటుందనుకున్నాడు పాపం.

నాలుగేళ్ళు హాయిగా నడిచింది. అంటే, నడిచినట్టే. మధ్యలో టీవీ గదిలోంచి "ఇదిగో, నా కళ్ళద్దాలు చూశావా?" అని కేక వచ్చేది. ఒకసారి ఆమె రాక్షసి గొంతులో ఉండగా వచ్చింది. అదే గొంతుతో, గది దద్దరిల్లేలా, "అలమారలో, రెండో అరలో, అత్తయ్యా," అంది. పళ్ళ డాక్టరు నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారిపోయింది. అటునుంచి మాత్రం చాలాసేపు ఏ కేకా రాలేదు.

నాలుగేళ్ళయ్యాక కథ న్యాయంగా ముగింపుకొచ్చింది. దుర్మార్గుడైన రాజు కూలాడు. డ్రైవరుగారు చప్పట్లు కొట్టి కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ కుర్చీలు వెనక్కి జరుపుతున్నారు. అప్పుడే గుమ్మంలో భర్త కనిపించాడు. "అయిపోయినట్టేనా?" అన్నాడు, వచ్చే ఆదివారం అప్పుడే చేతికొచ్చేసినట్టు. ఆమె కళ్ళముందు వరసగా ఆదివారాలు కనిపించాయి. ఈ బల్ల మీద పళ్ళేలు ఉంటాయి, తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. ఆ క్షణంలో ఆమె నోరు ఆమెనడక్కుండానే మాట్లాడేసింది.

"రాజు శవం మీద కప్పిన గుడ్డ కదిలింది."

జరిగిన కుర్చీలు మళ్ళీ ముందుకు జరిగాయి. అలా ఒక సంవత్సరం గెలుచుకుంది. రాజు రెండోసారి చచ్చాడు, మళ్ళీ లేపింది. కొత్త గుహలు తవ్వింది, ఎవరూ అడగని దీవులు సముద్రంలోంచి పైకి తెచ్చింది. మూడోసారి చచ్చి, మూడోసారీ లేచాక, మూడు వారాల కిందట డ్రైవరుగారు పాచిక చేతిలో దొర్లిస్తూ నెమ్మదిగా అన్నాడు. "కథమ్మా, తప్పుగా అనుకోకు. ఈ రాజుని చంపడం నాకు పాత రూటులో బస్సు నడిపినట్టుంది. స్టాపులన్నీ తెలుసు."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. ఆరేళ్ళ కథను ఆమె తన కోసం సాగదీసి సాగదీసి పల్చన చేసేసింది. ఈ ముగ్గురూ వారం తర్వాత వారం వానలో గొడుగులు ముడుచుకుంటూ వచ్చేది, బాగా ముగిసే కథ కోసం. ఆ ముగింపు ఆమె వాళ్ళకు బాకీపడింది. కానీ బాగా ముగిసిన మరుక్షణం ఆదివారం ఇంటిదైపోతుంది. మంచి ముగింపో, ఆదివారాలో, రెండూ దొరకవు.

సోమవారం ఆఫీసులో ఇదే ఆలోచన. ఆమెది బీమా కంపెనీలో పదమూడేళ్ళ ఉద్యోగం. మీటింగు అంటే చాలు, "మీ రాత ముత్యాల్లా ఉంటుంది మేడమ్, మినిట్స్ మీరు రాసుకోండి," అంటాడు మేనేజరు. పొగడ్తేనని మొదట్లో సంబరపడింది. కొన్నాళ్ళకి కానీ అర్థం కాలేదు. రాసే మనిషికి మాట్లాడే వంతు రాదు. మేనేజరు బల్ల చుట్టూ "మీరేమంటారు? మీరేమంటారు?" అని అడుగుతూ వచ్చి, ఆమె దగ్గరకొచ్చేసరికి "రాసుకున్నారుగా?" అంటాడు. ఆ సోమవారం అలాగే అన్నాడు. ఆమె రాసుకుంది. అందరి మాటలూ ఉన్న ఆ కాగితం మీద ఆమెది చేతిరాత ఒక్కటే. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆటలోనూ తనది ఒకటే కుర్చీ అని ఆ రోజు తోచింది. మొదటి రెండు చోట్లా అందులో కూర్చోబెట్టారు. మూడోచోట తనే వెళ్ళి కూర్చుంది, అందుకే అది సింహాసనంలా అనిపించింది. అయినా ఏ చోటా ఆమెను ఎవరూ ఏం చేస్తావని అడగలేదు. ఒక్కసారి ఎవరైనా అడిగితే బావుండునని ఎంత కోరికగా ఉందంటే, బస్సులో కండక్టరు "ఎక్కడికమ్మా?" అన్నప్పుడు కూడా ఎక్కడికి వెళ్ళాలనుందో చెప్పబోయి, స్టాపు పేరు చెప్పింది.

చివరికి ముగించాలనే నిర్ణయించుకుంది. శనివారం పొద్దున ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుండగా ముడుల డబ్బా తీసింది. అది పాత బిస్కెట్ల డబ్బా. కథలో ఎవరైనా "ఆ తలుపు వెనకాల ఏముంది?" లాంటిదేదైనా అడిగి, జవాబు దొరక్కపోతే, అడిగినవాళ్ళే దాన్ని చీటీ మీద రాసి అందులో వేస్తారు. కథ ముగిసే రోజుకి డబ్బా ఖాళీ కావాలి. అది వాళ్ళ నలుగురి నియమం. నలభై ఒక్క చీటీలు. భర్త చొక్కాకీ చొక్కాకీ మధ్య ఒక్కో ముడీ విప్పింది. రాజు కుక్క నిజానికి ఎవరిదో తేల్చింది, మాట్లాడే బావికి గొంతెక్కడిదో తేల్చింది. అడుగున ఒకటి మిగిలింది. పసుపు రంగు తిరిగిన కాగితం, ఆడపడుచు గుండ్రటి రాత. "పడవావిడ ఒడ్డు ఎందుకు దిగదు?"

ఆట మొదలైన తొలి ఆదివారం నాటిది. ముగ్గురూ నది దాటాలి, పడవ కావాలి, కాబట్టి ఒక పడవావిడను పెట్టింది. అవతలి ఒడ్డున దిగాక పిల్లి అడిగింది, నువ్వూ మాతో వస్తావా అని. గుమ్మంలో భర్త చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఏం చెప్పాలో తోచక, "నేను దిగను," అనేసింది. అంతే. ఆ తర్వాత ఆరేళ్ళలో ఎన్నిసార్లు ఆ నది దాటారో. దాటిన ప్రతిసారీ ముగ్గురూ ఒక్క గొంతుతో "వస్తావా?" అనేవారు, ఆమె "నేను దిగను," అనేది, అందరూ నవ్వేవారు. రాజుకొక గొంతు, రాక్షసికొక గొంతు పెట్టింది. పడవావిడకి గొంతు పెట్టడం ఎందుకో మర్చిపోయింది. ఆవిడ ఆమె సొంత గొంతుతోనే మాట్లాడేది.

ఈ చీటీకి జవాబు తట్టలేదు. ఇస్త్రీపెట్టె కింద కాలరు మాడిన వాసన వచ్చేదాకా ఆలోచించినా తట్టలేదు. నడిపేవాళ్ళు చేయకూడని పని చేసింది. చీటీ మడిచి జాకెట్లో దోపుకుని, డబ్బా మూసేసింది.

ఆదివారం. ఆఖరి యుద్ధం అనుకున్నట్టే మొదలైంది. కోట తలుపులు విరిగాయి. ఆమె తయారుచేసుకున్న ముగింపు ఏమిటంటే, రాజుని మళ్ళీ మళ్ళీ లేపుతున్నది కోట బురుజులో దాక్కున్న ఒక మాంత్రికుడు. వాణ్ణి పట్టుకుంటే కథ సరి. నాలుగోసారి పడిన రాజు నోట ఆమె అనిపించింది కూడా. "నేను అలిసిపోయాను. నన్ను పడుకోనివ్వండి. నన్ను లేపుతున్నదెవరో కనుక్కోండి."

"బురుజెక్కి చూద్దామా?" అంది పళ్ళ డాక్టరు, గద సవరించుకుంటున్నట్టు భుజం తిప్పుతూ.

"ఒక్క నిమిషం," అంది ఆడపడుచు. ఆవిడ ముందు ఆరేళ్ళ నోటుపుస్తకం తెరిచి ఉంది. ఉత్తరాలు ఏ ఊరికి ఏ రోజు వెళ్ళాయో వెతికి పట్టుకునే మనిషి, తేదీలు ఆవిడని వదలవు. "రాజు మొదటిసారి లేవడానికి ముందురోజు మనం నది దాటాం. రెండోసారి లేవడానికి ముందురోజూ దాటాం. మూడోసారీ అంతే. ప్రతిసారీ రేపటితో యుద్ధం అయిపోతుందనీ, ఇక ఇళ్ళకెళ్ళిపోతామనీ ఒక్కళ్ళకే చెప్పాం."

డ్రైవరుగారి మీసం కదలడం ఆగిపోయింది. "పడవావిడకి," అన్నాడు, సన్నగొంతు పెట్టడం మర్చిపోయి.

"ఊ. బురుజు కాదు. రేవుకి పోదాం," అంది ఆడపడుచు. వదిన ముఖంలోకి చూడలేదు. పుస్తకంలోకే చూస్తోంది.

ఇది ఆమె రాసుకున్నది కాదు. కాదని చెప్పొచ్చు, నడిపేది తనే కనుక బురుజులో దీపం వెలిగించి వాళ్ళని అటు తిప్పొచ్చు. కానీ విన్న మరుక్షణం ఆమెకు తెలిసిపోయింది, కథలో ఇంతకన్నా నిజమైన ముక్క లేదని. ఎవరు లేపారు రాజుని? గుడ్డ కదిలిందని ఏ నోరు అంది? "రేవుకొచ్చారు," అంది మెల్లగా. "పడవ అక్కడే ఉంది. ఆవిడ గడ పట్టుకుని నిలబడి ఉంది. బండా, ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

పళ్ళ డాక్టరు ఆరేళ్ళలో మొదటిసారి గద కింద పెట్టేసింది. "నేనేం చెయ్యను కథమ్మా. వింటాను."

"మీరు, డ్రైవరుగారూ?"

"అడుగుతాను," అన్నాడాయన. "ఎందుకు లేపావమ్మా ఆ చచ్చినవాణ్ణి?"

టీవీలో ఎవరో ప్రకటనలో నవ్వుతున్నారు. ఆమె జవాబు కోసం వెతకలేదు. అది జాకెట్లో మడిచి పెట్టుకున్న దగ్గరే ఉంది, ఇప్పుడు దానంతటదే వచ్చేసింది.

"యుద్ధం అయిపోతే మీరు రేవుకి రారు. ఎవరూ రారు. అటొడ్డున ఇల్లుంది, ఇటొడ్డున కోట ఉంది, రెండు చోట్లా నేను చెయ్యాల్సిన పనుంది, నాకు చోటు లేదు. ఈ నీళ్ళ మీద ఉన్న కాసేపే నన్ను మీరు మనిషిలా చూస్తారు. వస్తావా అని అడుగుతారు. నేను దిగనంటాను, మీరు నవ్వుతారు. ఆ మాట మళ్ళీ అడగాలని లేపాను. వాడు లేస్తే మీరు తిరిగొస్తారు కదా. ఒక్కసారైనా నవ్వకుండా అడుగుతారేమోనని చూశాను. నాకు దిగాలనే ఉంది. మొదటిరోజు నుంచీ ఉంది."

సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి, "ఇదిగో, టీ టైమైంది," అన్న కేక వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె కాళ్ళు కుర్చీ కిందనుంచి కదిలాయి. ఆడపడుచు చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మా, అన్నయ్యని పెట్టమను. వదిన నది మధ్యలో ఉంది," అంది గొంతు పెంచకుండానే, వినబడేలా.

అవతల టీవీ శబ్దం తగ్గింది. ఏదో గొణుగుడు వినిపించింది, తర్వాత వంటింట్లో గిన్నెలు తెలియని చేతుల్లో మోగిన చప్పుడు.

"నా వంతు అడగలేదు నువ్వు," అంది ఆడపడుచు.

ఆమె ఆవిడ వైపు తిరిగింది. "పిల్లీ, ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

"పడవెక్కుతాను. ఆవిడ చేతిలోంచి గడ తీసుకుంటాను. కొన్నాళ్ళు నేను నడుపుతాను, దిగమంటాను. వదినా, వచ్చే ఆదివారం నుంచి మా ఇంట్లో. చిన్న బల్లే, మోచేతులు తగులుతాయి. కథ నేను నడుపుతాను. నాకు రాదు, చండాలంగా నడుపుతాను, మీరు సర్దుకోండి. నువ్వు ఇటువైపు కూర్చో. ఒక మనిషిని తయారుచేసుకుని రా."

డ్రైవరుగారు తన పాచికను బల్ల మీదుగా ఆమె ముందుకు తోశాడు. అరిగిపోయిన నీలం పాచిక, అంకెల్లో సున్నం నింపి దిద్దుకున్నాడు. ఆమె దాన్ని అందుకోబోతే చేత్తో మూశాడు. "దిగడానికి పాచిక వెయ్యక్కర్లేదులే. ఇది నీకు ఉంచుకొమ్మని ఇచ్చా." తర్వాత ఆయన, ఆ బుర్రమీసాల పెద్దమనిషి, కుర్చీ ఆమె వైపు పూర్తిగా తిప్పుకుని, నవ్వకుండా, ఆమె ఆరేళ్ళుగా అందరినీ అడిగిన ప్రశ్నే అడిగాడు. "కథమ్మా, ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

"దిగుతాను," అంది ఆమె.

ఒడ్డు చల్లగా ఉందని చెప్పింది. ఇసుక ఉంటుందనుకుంటే గులకరాళ్ళున్నాయని, కాలికి గుచ్చుకున్నా బాగుందని చెప్పింది. కోటలో రాజు పక్కకి తిరిగి, చిన్నపిల్లాడిలా నిద్రపోయాడని, ఈసారి గుడ్డ కదల్లేదని చెప్పింది. జాకెట్లోంచి చీటీ తీసి వాళ్ళ ముందు పెట్టి, దాచినందుకు క్షమించమంది. పళ్ళ డాక్టరు ఏడుస్తూనే దాన్ని డబ్బాలో వేసి, తీసి, చింపింది. నియమం నియమమే కదా. డబ్బా ఖాళీ అయింది. ఆరేళ్ళలో ఆమె నడిపినవాటన్నిటిలోకీ అందమైన అరగంట అదే. అయినా దాని చివర గుండెలో ఒక మూల, ఆ నది ఇక ఈ బల్ల మీద పారదు కదా అని దిగులుగానే ఉంది.

ఆరింటికి భర్త టీ పట్టుకొచ్చాడు. పళ్ళెంలో సగం ఒలికింది. ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగాడు. "ఏమిటి, అందరూ ఏడుస్తున్నారు? చచ్చాడా ఏమిటి రాజు?"

"చచ్చాడు," అంది ఆమె.

"మళ్ళీ లేవడు కదా?"

"లేవడు."

"హమ్మయ్య." పళ్ళెం బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కున్నాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు, అందులో చెడ్డతనమేమీ లేదు. "అయితే వచ్చే ఆదివారం మా ఆఫీసువాళ్ళని భోజనానికి పిలుస్తాను. ఓ పదిమంది ఉంటారు. చాన్నాళ్ళుగా అడుగుతున్నారు."

"పిలవండి. నేను మాత్రం రెండింటికి మీ చెల్లెలింట్లో ఉంటాను. కొత్త కథ మొదలెడుతున్నాం."

చెల్లెలి వైపు చూశాడు. ఆవిడ టీ ఊదుకుంటోంది. తల్లి ఉన్న గది వైపు చూశాడు. అక్కడ టీవీ శబ్దం మళ్ళీ పెరిగింది. "అదేమిటి?" అన్నాడు చివరికి, కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా. "కథ అయ్యాక మానేస్తానని మాటిచ్చావు."

ఆమె నీలం పాచికను పిడికిట్లో పట్టుకుని లేచింది. పెళ్ళైన ఇరవై ఒక్కేళ్ళలో అతనితో ఇంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఇచ్చానండీ. ఆ మాట నిలబెట్టుకోవడానికే రెండేళ్ళుగా చచ్చినవాణ్ణి లేపుతూ కూర్చున్నాను. ఇక వాణ్ణి లేపను. మాటే తప్పుతాను."